టెక్ సందేహాలు: ఇన్‌బాక్స్ ఊడ్చమని తాళంచెవి ఎవరికిస్తున్నారు?

ప్రశ్న: జీమెయిల్ నిండిపోయిందని రోజూ ఎర్ర అక్షరాల్లో హెచ్చరిక వస్తోంది. ఓపిగ్గా కూర్చుని వేల మెయిల్స్ డిలీట్ చేశాను. అయినా పోలేదు. పెన్షన్ కాగితాల మెయిల్ నాకు చేరక వెనక్కి వచ్చేసిందని ఆఫీసు వాళ్లు ఫోన్ చేశారు. – రిటైర్డ్ టీచర్, తెనాలి

మాస్టారూ, మీరు కష్టపడి తీసేసిన ఆ వేల మెయిల్స్ అన్నీ కలిపినా మీ మనవడి పుట్టినరోజు వీడియోలు ఒకటి రెండింటంత బరువు ఉండవు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క మెయిల్‌కే కాదు. 2013 నుంచి మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి అంతే. 2021 జూన్ నుంచి కొత్తగా ఎక్కే ఫొటోలన్నీ ఆ లెక్కలోకే వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024లో అందులో చేరింది. ఫ్యామిలీ గ్రూపులో వచ్చే గుడ్ మార్నింగ్ వీడియోలు మీ పెన్షన్ మెయిల్‌కు అడ్డం పడుతున్నాయన్నమాట.

ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో చాట్ బ్యాకప్ తెరిచి వీడియోలు వద్దని పెట్టండి. తర్వాత కంప్యూటర్‌లో జీమెయిల్ తెరవండి. సెర్చ్ పెట్టె చివర ఉన్న ఫిల్టర్ గుర్తు నొక్కి, సైజు 10 ఎంబీకి మించినవి మాత్రమే వెతకండి. వాటిలో అక్కర్లేనివి తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి. లేకపోతే అవి 30 రోజులు అక్కడే ఉండి జాగా తింటాయి. కొత్త ఫోన్ ఆన్ చేసిన మొదటి రోజే, నాలుగు ‘ఓకే’ల మధ్య బ్యాకప్‌కు కూడా ఓకే అనిపించేసే ఫోన్లంటే నాకు ఒళ్లు మంట. నిండాక మాత్రం ఎక్కువ జాగా కొనుక్కోమనే బటన్ పెద్దగా కనిపిస్తుంది. ఏది నింపిందో చెప్పే పేజీని మనమే వెతుక్కోవాలి.

ప్రశ్న: చదవని మెయిల్స్ 38 వేలు దాటాయి. ఒక్క క్లిక్‌తో ఇన్‌బాక్స్ శుభ్రం చేసే ఉచిత యాప్ వేసుకున్నాను. బాగానే ఉంది. డబ్బు కట్టి ప్రీమియం తీసుకోవచ్చా? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

ఇదే ప్రశ్న పేర్లు మార్చుకుని వస్తూనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మీరు కూడా అడగడమే ఆశ్చర్యం. ఆ యాప్ వేసుకున్నప్పుడు గూగుల్ ఒక పేజీ చూపించే ఉంటుంది. ఇలాంటి యాప్‌లు చాలావరకు అడిగేది మెయిల్స్ అన్నీ చదవడానికి, రాయడానికి, మీ పేరుతో పంపడానికి, శాశ్వతంగా తొలగించడానికి అనుమతి. ఇల్లు ఊడ్చమని బీరువా తాళాలతో సహా ఇచ్చేసి ఊరెళ్లినట్టు ఉంటుంది ఇది.

బీరువాలో ఏముందో ఒకసారి చూడండి. అద్దె ఇంటి కోసం పంపిన ఆధార్ స్కాన్, లోన్ ఏజెంట్‌కు పంపిన పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు సెంట్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి. ఫారం 16 ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అంటారేమో. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన తేదీ అని ఆ మెయిల్‌లోనే రాసి పంపుతారు! పుట్టిన తేదీ మీ పాత రెజ్యూమెలో ఉంటుంది. తాళం, తాళంచెవి రెండూ ఒకే మెయిల్‌బాక్స్‌లో. అన్నిటికీ మించి, మిగతా అకౌంట్లలో చాలావాటి పాస్‌వర్డ్ రీసెట్ లింకు వచ్చేది కూడా ఇక్కడికే.

భయపెట్టడానికి చెప్పడం లేదు. అమెరికాలో ఇలాంటి ఉచిత సర్వీస్ ఒకటి జనం మెయిల్స్‌లోని క్యాబ్ రసీదుల్లోంచి సమాచారం తీసి, పేర్లు తొలగించి, పోటీ క్యాబ్ కంపెనీకి అమ్మిన సంగతి 2017లో బయటపడింది. 2019లో అక్కడ వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్, వినియోగదారులను మోసం చేశారని కేసు పెట్టింది, అది రాజీతో ముగిసింది. ఆ సర్వీస్ చేసిందీ మీ యాప్ చెప్పుకునే పనే, ప్రమోషన్ మెయిల్స్ ఆపడం.

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే అనుమతి పోదు. గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీ విభాగంలో థర్డ్ పార్టీ యాప్‌ల జాబితా ఉంటుంది, అక్కడ రద్దు చేయండి. పనిలో పనిగా జీమెయిల్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్లు, ఫార్వర్డింగ్ కూడా చూడండి. అకౌంట్‌లోకి దూరిన దొంగ చాలాసార్లు చేసే పని, బ్యాంకు మెయిల్స్ మీకు కనబడకుండా నేరుగా ట్రాష్‌కో తన అడ్రస్‌కో పోయేలా ఒక ఫిల్టర్ పెట్టడం. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది. ఇకమీద ఎవరైనా ఆధార్ అడిగితే చివరి నాలుగు అంకెలే కనబడే మాస్క్‌డ్ ఆధార్ పంపండి.

మరి 38 వేల సంగతి? కంప్యూటర్‌లో ప్రమోషన్స్ ట్యాబ్ తెరిచి, పైన ఉన్న చిన్న గడి టిక్ చేస్తే ఆ పేజీలోవే ఎంపికవుతాయి. అప్పుడు పైన కనిపించే వాక్యం నొక్కితే ట్యాబ్ మొత్తం ఎంపికవుతుంది. డిలీట్. అంతే, దీనికి ప్రీమియం ఎందుకు? మళ్లీ రాకుండా పంపినవారి పేరు పక్కనే ఉండే అన్‌సబ్‌స్క్రయిబ్ వాడండి. పెద్ద ఎత్తున ప్రమోషన్ మెయిల్స్ పంపేవాళ్లు ఒక్క క్లిక్‌తో ఆపే వీలు ఇవ్వాలని గూగుల్, యాహూ 2024లో నియమం పెట్టాయి. స్పామ్‌లో పడిన ముక్కూమొహం తెలియని మెయిల్స్‌లో మాత్రం ఆ లింకు ముట్టుకోవద్దు. ఈ అడ్రస్ వాడుకలో ఉందని మీరే చెప్పినట్టవుతుంది.

అసలు ఇన్ని మెయిల్స్ ఎందుకొస్తున్నాయి? చెప్పుల జత కొన్నా బిల్లు కౌంటర్ దగ్గర నంబరు, మెయిల్ అడుగుతారు. ఇవ్వకపోతే బిల్లే రాదన్నట్టు చూస్తారు. వెబ్‌సైట్లలో ‘ఆఫర్లు పంపండి’ అనే గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, స్పష్టంగా అడిగి అనుమతి తీసుకోవాలంటుంది. నియమాలు రావడానికే 2025 నవంబర్ అయింది. కంపెనీల అసలు బాధ్యతలకు అక్కడి నుంచి ఇంకో 18 నెలల గడువు. మనకు ఆఫర్లు పంపడంలో మాత్రం ఒక్క నిమిషం ఆలస్యం చేయరు.

ప్రశ్న: మొన్న రాత్రి గంటలో వందల మెయిల్స్ వచ్చాయి. ఎప్పుడూ వినని సైట్లు ‘చేరినందుకు ధన్యవాదాలు’ అంటున్నాయి. విసుగొచ్చి అన్నీ డిలీట్ చేశాను. – గృహిణి, విశాఖపట్నం

అమ్మా, ట్రాష్ ఖాళీ చేయకండి. ఇది మామూలు చెత్త కాకపోవచ్చు. మీ కార్డుతోనో, షాపింగ్ అకౌంట్‌తోనో ఎవరో ఏదో కొని, ఆ రసీదు మీ కంట పడకుండా మీ అడ్రస్‌ను వందల సైట్లలో చేర్పించి ఉండొచ్చు. ట్రాష్‌లో మీ బ్యాంకు పేరు, మీరు వాడే షాపింగ్ సైట్ల పేర్లు ఒక్కొక్కటిగా వెతకండి. ఆర్డర్, ఓటీపీ, పాస్‌వర్డ్ మార్పు, కొత్త డివైస్ అనే మెయిల్ ఏదైనా ఆ గంటలో వచ్చిందేమో చూడండి. డబ్బు పోయినట్టు కనిపిస్తే వెంటనే కార్డు బ్లాక్ చేయించి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆర్డర్ ఇంకా బయల్దేరకపోతే క్యాన్సిల్ చేసి, డెలివరీ అడ్రస్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, పోలీసులు అడుగుతారు.