జుట్టు సంగతి తర్వాత, ముందు ఆ ఆయాసం చూపించుకోండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్లు. పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే రాత్రి ఎనిమిదికి లేస్తాను, ఆ తర్వాత కూడా పడుకునేదాకా ఆఫీసు మెసేజ్‌లే. రెండేళ్లలో తల సగం నెరిసింది. రెండంతస్తులు ఎక్కితే ఆయాసం. మొన్న ఫొటో చూసి మా అమ్మాయి "నాన్నా, అచ్చం తాతయ్యలా ఉన్నావు" అని నవ్వింది. టెన్షన్ వల్ల నిజంగానే త్వరగా ముసలితనం వస్తుందా? బయోలాజికల్ ఏజ్ టెస్ట్ చేయించుకోమని ఒక ఫ్రెండ్ అంటున్నాడు, చేయించుకోనా?

జవాబు: మీరు జుట్టు గురించి రెండేళ్ల చరిత్ర చెప్పి, ఆయాసం గురించి ఒక్క ముక్కతో సరిపెట్టారు. నాకు మాత్రం ఆ ముక్క దగ్గరే మనసు ఆగింది. ఈ వారంలోనే డాక్టర్ దగ్గరికి వెళ్లి బీపీ, ఈసీజీ, షుగర్, కొలెస్ట్రాల్, హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించుకోండి. మెట్లెక్కేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టుంటే వారం కూడా ఆగొద్దు.

జుట్టు చాలావరకు వంశపారంపర్యం. అయితే టెన్షన్ పాత్ర బొత్తిగా లేదనీ అనలేం. కొలంబియా యూనివర్సిటీవాళ్లు 2021లో 14 మంది వెంట్రుకలను సన్నటి ముక్కలుగా పరీక్షించి, వాళ్లు రాసిచ్చిన టెన్షన్ డైరీలతో పోల్చి చూశారు. ఒకాయన సెలవు మీద వెళ్తే, ఆ రోజుల్లో ఆయన తల మీద అయిదు వెంట్రుకలు మళ్లీ నల్లబడ్డాయి. అయిదే లెండి, ఆశ పెట్టుకోకండి.

ఇక టెస్ట్ సంగతి. పుట్టినరోజుల లెక్క కాకుండా, ఒళ్లు లోపల ఎంత ముసలిదైందో అంచనా వేసే అంకే బయోలాజికల్ ఏజ్. తుంటి ఎముక విరిగి అత్యవసరంగా ఆపరేషన్ అయిన పెద్దవాళ్ల రక్తంలో ఇదే బయోలాజికల్ ఏజ్ కొలిస్తే, మర్నాటికే పెరిగింది, వారం తిరిగేలోపు మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. 2023లో వచ్చిన పరిశోధన ఇది. శరీరం అలసిపోతుంది, తెరిపి దొరికితే కోలుకుంటుంది కూడా. అలా వారంలో పైకీ కిందికీ ఆడే అంకెను ఒక్కసారి కొలిపించుకుని ఏం చేస్తారు? ఆ డబ్బుతో మంచి బూట్లు కొనుక్కోండి.

ఎందుకంటే మీ అసలు సమస్య ఆ కుర్చీ. 1950ల్లో లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ రెండంతస్తుల బస్సుల సిబ్బందిని గమనించారు. అదే బస్సు, అదే ట్రాఫిక్, కానీ కూర్చుని నడిపే డ్రైవర్ల కంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బులు తక్కువ. మీరు ఆ డ్రైవర్ సీట్లో ఉన్నారు, పైగా మీ లెక్క అయిదు రోజులకే 55 గంటలు అవుతోంది. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు, 35–40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో లెక్కతేల్చాయి.

ఉద్యోగం మానేయమని అనను, మీ ఇల్లు నేను నడపను కదా. రాత్రి తొమ్మిది దాటితే మెసేజ్ చూడనని పైవాళ్లతో ఒక మాట అనుకోండి, ఫోన్ వేరే గదిలో పెట్టండి. కష్టమే, కానీ పని ఎంత ఉందన్నదానికంటే మన పని మన చేతిలో లేకపోవడమే గుండెను ఎక్కువ తినేస్తుందని నా అభిప్రాయం. గంటకోసారి లేవండి. రిపోర్టులు చూసి డాక్టర్ సరేనన్నాక వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి, రెండు రోజులు కండరాలకు పని చెప్పండి. ముప్పై దాటాక వాడని కండ మెల్లగా కరిగిపోతుంది, అది అద్దంలో కనబడదు, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవబోతే తెలుస్తుంది.

రిపోర్టులు వచ్చాక మళ్లీ రాయండి. ఈలోపు తలకు రంగు వేసుకుంటానంటే నాకేం అభ్యంతరం లేదు.