ముందు బ్యాటరీ వయసు అడుగు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులతో మామ రాయునది.

నువ్వు కరెంటు గ్రావెల్ సైకిల్ (మట్టి, కంకర బాటల మీద తొక్కే మోటారు సైకిల్ కాదు, తొక్కుతుంటే మోటారు సాయం చేసే సైకిల్) కొని హనుమకొండ నుంచి రామప్ప దాకా, అదీ హైవే వదిలి కాలువ కట్టలూ మొరం బాటలూ పట్టుకుని ఒక్కదానివే వెళ్తావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు సంతోషమూ కంగారూ కలిసి పట్టుకున్నాయి. హెల్మెట్, పంక్చర్ సామాను, నీళ్ల సంగతి నీకు చెప్పనక్కరలేదు. ములుగు దాటాక అడవిలో మోటారు ఆగిపోతే నీ గతేమిటన్నదే నా భయమంతా.

నువ్వు ఫొటోలు పంపిన రెండింటిలో పాతది స్పెషలైజ్డ్ కంపెనీ టర్బో క్రియో మొదటి తరం బండి, రెండోది 2023లో వచ్చిన క్రియో 2. క్రియో 2లో మోటారు తిప్పే బలం 35 న్యూటన్ మీటర్ల నుంచి 50కి పెరిగింది. టైరు వెడల్పుకు 42 మిల్లీమీటర్లుండే చోటు సుమారు 55 అయింది, మొరం మీద నీకు ఎక్కువ అక్కరకు వచ్చేది ఇదే. బ్యాటరీలో పట్టే కరెంటు మాత్రం రెండింటిలోనూ 320 వాట్ అవర్లే కనుక, కొత్తది కొంటే దూరం బాగా పెరుగుతుందని ఎవరైనా అంటే నమ్మకు. అయితే పాతదానిలో ఆ 320కి ఇప్పుడు ఎంత మిగిలిందన్నదే అసలు ప్రశ్న, ఎందుకంటే లిథియం బ్యాటరీ వాడినా అరుగుతుంది, వాడకుండా మూలన పెట్టినా అరుగుతుంది.

మీ నాన్న నీకు చెప్పి ఉండరు కానీ, నీ చిన్నప్పుడు ఆయన ఒక పాత కరెంటు బండి కొన్నారు. రంగు చెక్కుచెదరలేదు, చార్జ్ చూపే మీటరులో గీతలన్నీ నిండుగా ఉన్నాయి, బావగారు వెంటనే డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశారు. కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి ఎక్కడం మొదలుపెట్టగానే ఆ గీతలు ఒక్కొక్కటే రాలిపోయి, సగం ఎత్తులో మోటారు ఆగింది. తోసుకుంటూ అవతలికి దిగి కాసేపు నిలబడితే గీతలు మళ్లీ వచ్చాయి. దాంతో మీటరే చెడిందని తీర్మానించి, నేను వద్దంటున్నా వినకుండా కొత్త మీటరు వేయించారు. చెడింది మీటరు కాదు. ముసలి బ్యాటరీకి లోపలి నిరోధం, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరుగుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు వోల్టేజి నిండుగానే చూపిస్తుంది, లోడు పడగానే చతికిలబడుతుంది, లోడు తీస్తే మళ్లీ లేస్తుంది. కరెంటు ఆఫీసులో బతుకంతా గడిపిన బావమరిది పక్కనుండగా అడగకపోవడం ఆయన పంతం, ఆ పంతం నీకూ కొంత వచ్చింది. నీ మీద కోపంతో కాదు, ముద్దుతోనే అంటున్నాను.

అందుచేత చదును రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి బాగుందనకు. పూర్తిగా చార్జ్ చేయించి, మోటారును గరిష్ఠ సాయంలో పెట్టి, పొడవాటి ఎత్తు ఎక్కించు. సర్వీసు సెంటరు ఇచ్చే బ్యాటరీ రిపోర్టు అడుగు. ఈ బండికి బ్యాటరీ ఫ్రేము లోపలే ఉంటుంది, ఇంట్లో మనం ఊడదీసి మార్చుకునేది కాదు.

ఆ పాత బండి అమెరికా నుంచి తెచ్చుకున్నదని అమ్మకందారు అన్నాడట. 160 వాట్ అవర్లు దాటిన సైకిల్ బ్యాటరీని ప్రయాణికుల సామానులో విమానం ఎక్కనివ్వరు కదా, మరి ఎలా తెచ్చాడో కాగితాలు చూపించమను. పైగా అమెరికా మోడల్ గంటకు 45 కిలోమీటర్ల దాకా సాయం చేస్తుంది. మన దేశంలో రిజిస్ట్రేషన్ అక్కరలేని బండి వేగం 25 లోపే ఉండాలి. చార్జరు మన ఇంటి కరెంటుకు పనికొస్తుందా అని, దాని వెనుక 100–240 వోల్టులని రాసి ఉందో లేదో కూడా చూడు.

ఏది కొన్నా మన ఎండలను మరిచిపోకు. చాలా బ్యాటరీలను 40 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదంటారు, మే నెలలో మన వరంగల్ మధ్యాహ్నం అంతకు మించే ఉంటుంది. తెల్లవారుజామున చార్జ్ పెట్టు, బండిని రేకుల షెడ్డులో వదలకు.

నా మాట అడిగితే, పాతదాని ధరకు కొత్త బ్యాటరీ ఖర్చు కలిపి చూడు. అప్పటికీ బాగా తక్కువైతేనే పాతది, లేకుంటే దసరా దాకా ఆగి కొత్తదే తీసుకో. డబ్బు కొంచెం తగ్గితే మీ అమ్మకు తెలియకుండా నన్ను అడుగు. నేను వచ్చి చూసేదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ మామ