వెనక చక్రం స్పోకులు తెగుతుంటే

ప్రశ్న: నా బరువు 108 కిలోలు. రోడ్ బైక్ వెనక చక్రానికి 20 స్పోకులే. మార్చినా మళ్లీ తెగుతున్నాయి. ఏ చక్రం కొనాలండీ?

జవాబు: తెగేది హబ్ (చక్రం మధ్య భాగం) దగ్గరి వంపులోనేనా? అయితే బిగువు చాలక, తిరిగిన ప్రతిసారీ సడలి బిగుసుకుని లోహం అలసిపోతోంది. మిగతావీ అలసినవే, కాబట్టి ఒక్కొక్కటీ మార్చడం దండగ. వెనక 32, ముందు 28 స్పోకులతో, మూడు క్రాసుల అల్లికతో (ఒక్కో స్పోకు మరో మూడింటిని దాటి వెళ్లేలా) చేతితో కట్టించండి. లావు స్పోకులైతే గట్టివన్నది అపోహే, నడుమ 1.8 మి.మీ.కు సన్నబడే 2 మి.మీ. డబుల్ బటెడ్ స్పోకులు కాస్త సాగి, బరువును పక్కవాటికి పంచుతాయి. నిపుల్స్ (స్పోకును రిమ్‌కు బిగించే చిన్న నట్లు) ఇత్తడివే అడగండి. వెనక చక్రంలో చెయిన్ వైపు స్పోకుల బిగువు సుమారు 120 కిలోలు ఉండాలి, రిమ్ కంపెనీ చెప్పిన హద్దు దాటకుండా. ఫ్రేములో పడితే 32 మి.మీ. టైరు వేయండి. 300 కి.మీ. తిరిగాక మీటరుతో బిగువు మళ్లీ చూపించండి.