హూప్స్ డైనాస్టీలో ఏ ఆఫెన్స్, ఏ డిఫెన్స్ ఎంచుకోవాలి?

మనమే కోచ్‌గా జట్టును నడిపే ఈ ఆన్‌లైన్ కాలేజీ బాస్కెట్‌బాల్ గేమ్‌లో కొత్తగా టీమ్ తీసుకున్నవాళ్లు మోషన్, ఫ్లెక్స్, ట్రయాంగిల్, ఫాస్ట్‌బ్రేక్ అనే ఆఫెన్స్ పద్ధతుల్లో ఏది మంచిదని అడుగుతుంటారు. నేనైతే ముందు డిఫెన్స్ తేల్చుకోమంటాను. ఎలాంటి కుర్రాళ్లను రిక్రూట్ చేసుకోవాలో, బెంచ్ మీద ఎంతమంది కావాలో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఫుల్‌కోర్ట్ ప్రెస్ (కోర్టంతా ఎదుటివాళ్లను వెంటాడి ఒత్తిడి పెట్టే డిఫెన్స్) ఆడితే ఎదుటి జట్టు బంతిని ఎక్కువసార్లు పోగొట్టుకుంటుంది, నిజమే. కానీ మనవాళ్లు త్వరగా అలసిపోతారు, ఫౌల్స్ పెరుగుతాయి. కాలేజీ ఆటలో 5 ఫౌల్స్ అయితే ఆటగాడు బయటికే. కాబట్టి పనికొచ్చేవాళ్లు తొమ్మిది, పదిమంది లేకుండా ప్రెస్ జోలికి వెళ్లకండి. బంతి దొరకగానే పరుగెత్తి దాడి చేసే ఫాస్ట్‌బ్రేక్ కూడా తోడైతే అలసట ఇంకా ఎక్కువ. బెంచ్ పలచగా ఉంటే జోన్ (ఒక్కొక్కరు తమ వంతు ప్రాంతాన్ని కాపాడే డిఫెన్స్) మేలు. నిజం ఆటలోనూ కోచ్ జిమ్ బేహైమ్ నడిపిన సిరక్యూస్ జట్టు 2003 అమెరికా కాలేజీ టైటిల్‌ను 2-3 జోన్‌తోనే (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు) గెలిచింది. ఒక్కొక్కరు ఒక్కో ఎదుటి ఆటగాడిని కాచుకునే మ్యాన్-టు-మ్యాన్ ఈ రెంటికీ మధ్యస్తం.

ఆఫెన్స్‌కు వస్తే, జట్టులో పాతవాళ్లకు ఏది బాగా వచ్చో చూడండి. ప్రతి ఆటగాడికీ ఒక్కో సిస్టమ్‌లో విడిగా గ్రేడ్ ఉంటుంది, అది ప్రాక్టీస్‌తో నెమ్మదిగా పెరుగుతుంది. మొదటి సీజన్‌లోనే మార్చేస్తే సీనియర్లు నేర్చుకున్నదంతా వృథా. మార్చాలని గట్టిగా అనిపిస్తే ప్రాక్టీస్‌లో కొంత సమయం కొత్తదానికి ఇస్తూ, మ్యాచ్‌ల్లో పాతదే ఆడించండి.