ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర ఎర్రబడితే అది ఇన్ఫెక్షనేనా? డాక్టర్లు దాన్ని ఎలా వర్గీకరిస్తారు?

ఎర్రబడినంత మాత్రాన ఇన్ఫెక్షన్ అని లెక్కలో రాయరు. కుట్టు దారం గుచ్చుకున్న చోట మాత్రమే చిన్న చీము పొక్కు వచ్చినా అంతే. చాలా ఆసుపత్రులు అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ నిర్వచనాన్నే వాడతాయి: ఆపరేషన్ జరిగిన 30 రోజుల్లోపు, కోత పెట్టిన చోట గానీ లోపల సర్జరీ చేసిన భాగంలో గానీ ఇన్ఫెక్షన్ రావాలి. కృత్రిమ కీలు అమర్చడం లాంటి కొన్ని ఆపరేషన్లలో లోతైన ఇన్ఫెక్షన్ల కోసం 90 రోజుల వరకు చూస్తారు. పాత నిబంధనలో ఇంప్లాంట్ ఉంటే ఏడాది పాటు చూడాలని ఉండేది.

ఇక వర్గీకరణ లోతును బట్టి. చర్మం, దాని కింది కొవ్వు పొర వరకే ఉంటే పైపైది. కండరం, దాన్ని కప్పే పొర దాకా దిగితే లోతైనది. ఇందులో కుట్లు వాటంతటవే విడిపోవడం, జ్వరం, నొప్పి కనిపించవచ్చు. మూడోది అవయవానికి లేదా శరీర కుహరానికి (కడుపు, ఛాతీ లాంటి లోపలి ఖాళీ భాగానికి) సోకేది. అపెండిక్స్ తీశాక కడుపులో చీము గడ్డ కట్టడం ఇలాంటిదే. పైన గాయం శుభ్రంగా మానినట్టే ఉండవచ్చు, చాలాసార్లు స్కాన్ తీస్తే గానీ బయటపడదు. నా దృష్టిలో ఎక్కువ టెన్షన్ పడాల్సింది దీని గురించే.

క్లీన్, క్లీన్ కంటామినేటెడ్, కంటామినేటెడ్, డర్టీ అనే నాలుగు రకాలను చాలామంది దీనితో కలిపేస్తారు. అవి ఆపరేషన్ సమయంలో గాయం ఎంత శుభ్రంగా ఉందో చెప్పేవి, అంటే ముప్పు అంచనా మాత్రమే.