సిబిల్ రిపోర్ట్ కోసం ఎవరికీ డబ్బులివ్వకండి, నేనిచ్చి పోగొట్టుకున్నా

బైక్ లోన్ రిజెక్ట్ అయింది, సిబిల్ (అప్పులు సరిగ్గా కడుతున్నామా లేదా అని చెప్పే స్కోర్) బాలేదన్నారు, 3 వేలిస్తే రిపోర్ట్ తీసి స్కోర్ పెంచుతానని ఒకాయన అంటున్నాడు, ఇవ్వొచ్చా అని అడిగారు కదా. వద్దండి, ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

2024 చివర్లో ఇంటి లోన్‌కి వెళ్తే నాకూ ఇదే అయింది. కంగారులో ఒక ఏజెంట్‌కి 4 వేలు కట్టా, అతను నా పాన్, ఓటీపీ తీసుకుని వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు, అంతే, ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. తర్వాత మా బావగారు చెప్పారు, అసలు ఆ రిపోర్ట్ ఫ్రీ రా అని. మనందరం సిబిల్ అంటాం గానీ మన అప్పుల రికార్డు ఉంచే కంపెనీలు, అంటే బ్యూరోలు, నాలుగున్నాయి: సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్. 2017 నుంచి ఆర్‌బీఐ రూల్ ప్రకారం ఒక్కొక్కటీ జనవరి నుంచి డిసెంబర్ లోపు ఒకసారి స్కోర్‌తో సహా పూర్తి రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాల్సిందే. వాళ్ళ సొంత సైట్‌లోకే వెళ్ళండి, పాన్, పుట్టిన తేదీ, ఫోన్‌కొచ్చే ఓటీపీ చాలు. మధ్యలో నెలకింత, ఏడాదికింత అని ప్లాన్లు కనిపిస్తే కార్డ్ నంబర్ కొట్టకండి, వెనక్కొచ్చి ఫ్రీ రిపోర్ట్ లింక్ వెతకండి, ఉంటుంది. మన రిపోర్ట్ మనం చూసుకుంటే స్కోర్ తగ్గదు, ఆ భయం అసలొద్దు.

నాలుగూ తీయమని ఎందుకంటున్నానంటే, నాకు మూడింట్లో అంతా క్లీన్‌గానే ఉంది, నాలుగో దాంట్లో మాత్రం 2019లో క్లోజ్ చేసిన క్రెడిట్ కార్డ్ ఇంకా యాక్టివ్ అని ఉంది! యాన్యువల్ ఫీజు 590 బాకీ అట, దాని మీద లేట్ ఫీజులు, కింద నెలల గళ్ళలో 030, 060, 090 అని వరసగా. ఆ అంకెలంటే ఎన్ని రోజులు లేటో అన్నమాట, 000 ఉంటే మంచిది. మీరూ ముందు ఆ గళ్ళే చూడండి, తర్వాత మీరు తీసుకోని లోన్ ఏదైనా ఉందా, ఎక్కడైనా సెటిల్డ్ (బాకీ తగ్గించి కట్టి ముగించింది) అనో రిటెన్ ఆఫ్ (ఇక రాదని బ్యాంక్ రాసేసిన బాకీ) అనో ఉందా, మీరు లోన్ అడగకుండానే ఎవరైనా మీ రిపోర్ట్ చూశారా (ఎంక్వైరీ అని ఉంటుంది) చూడండి.

తప్పుంటే ఆ బ్యూరో సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టాలి, అదీ ఫ్రీనే. నా దగ్గర కార్డ్ క్లోజ్ చేసినప్పటి లెటర్ అదృష్టం కొద్దీ బీరువాలో దొరికింది, ఫోటో తీసి బ్యాంక్‌కి కూడా మెయిల్ చేశా, 26వ రోజుకి సరిచేశారు. 30 రోజులు దాటితే రోజుకి 100 చొప్పున పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి రూల్ ఉంది, అది మెయిల్‌లో రాస్తే కాస్త కదులుతారు. అప్పటికీ తేలకపోతే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి (ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారి) ఆన్‌లైన్లో కంప్లైంట్ చేయొచ్చు, దానికీ ఫీజు లేదు.

ఒకటి మాత్రం నిజంగా చెప్తున్నా, మీరు నిజంగానే ఈఎంఐలు లేట్ చేసుంటే ఏ ఏజెంటూ దాన్ని చెరపలేడు, బాకీ కట్టేసి కొన్నాళ్ళు టైమ్‌కి కట్టుకుంటూ పోవడమే, అది కూడా సెటిల్మెంట్ అని తగ్గించి కాకుండా పూర్తిగా కట్టి ఎన్‌ఓసీ (ఇక బాకీ లేదని బ్యాంక్ ఇచ్చే లెటర్) తీసుకోండి. ముందు ఈ రాత్రికి నాలుగు రిపోర్టులూ తీయండి. ఏదైనా లైన్ అర్థం కాకపోతే పాన్, ఖాతా నంబర్లు తీసేసి ఆ లైన్ వరకు రాయండి, చూసి చెప్తా.