పనిముట్ల ప్రశ్నోత్తరాలు: లేత్ కింద నూనె ట్రే

ప్రశ్న: ఉద్యోగ విరమణ తరువాత ఇంటి వెనుక షెడ్డులో ఒక పాత బెంచి లేత్ (లోహపు కడ్డీని తిప్పుతూ ఉలితో చెక్కే మిషన్) పెట్టుకుని చిన్న చిన్న టర్నింగు పనులు చేసుకుంటున్నాను. మిషన్ మొత్తం పొడవు 3 అడుగుల 4 అంగుళాలు. దానిని దళసరి చెక్క బల్ల మీద బిగించాను. మిషన్‌తో రావలసిన ట్రే పాత యజమాని దగ్గరే ఎక్కడో పోయింది. హెడ్‌స్టాక్ (కడ్డీని తిప్పే కొస) నుంచి కారే నూనె, కోత చల్లబడడానికి వాడే సాల్యుబుల్ ఆయిల్ (నీటిలో కలిసే నూనె) నీళ్ళు బల్లలోకి ఇంకి చెక్క నల్లబడుతోంది, సందులలోంచి నేల మీదకు కారి కాలు జారుతోంది. విజయవాడ ఆటోనగర్‌లో రెండుసార్లు వెతికినా ఈ కొలతకు సరిపోయే ట్రే దొరకలేదు. ఎక్కడ దొరుకుతుంది? చేయించుకోవలసి వస్తే ఏ రేకు, ఏ కొలతలు చెప్పాలి?
— ఒక పాఠకుడు, గుడివాడ

జవాబు: మీ కొలతకు తయారు ట్రే దొరకకపోవడంలో ఆశ్చర్యం లేదు. పెద్ద లేత్‌లకు ట్రే స్టాండుతోపాటే వస్తుంది కనుక దానిని విడిగా అమ్మే దుకాణాలు అరుదు. హైదరాబాదు బేగంబజారులో వంటసామాను కొట్లు తిరిగితే స్టీలు ట్రేలు కుప్పలుగా కనిపిస్తాయి గానీ, నాలుగడుగుల పొడవుకు వచ్చేసరికి అవి మిఠాయి అంగళ్ళలో పరిచే పల్చటి పళ్ళేలే అవుతాయి, అంచు అంగుళం కూడా ఉండదు. అందువల్ల తిరగడం మాని చేయించుకోండి. దీనికి ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షాపులకన్నా ఎయిర్ కూలర్లు తయారుచేసే రేకు పనివారు మేలని నా అభిప్రాయం. కూలర్ అడుగున ఉండే నీళ్ళ తొట్టి కూడా ఒక ట్రేయే కదా, నీళ్ళు కారకుండా మూల మడవడం వారికి చేతి అలవాటు. ఎండాకాలం వెళ్ళిన తరువాత అడిగితే తీరికగా, శ్రద్ధగా చేసిపెడతారు.

కొలతల విషయానికి వస్తే, లోపలి కొలత పొడవు 4 అడుగులు, వెడల్పు అడుగున్నర, అంచు ఎత్తు 2 అంగుళాలు ఉంటే మీ మిషన్‌కు సరిపోతుంది. క్యారేజీ (ఉలిని మోస్తూ జరిగే భాగం) చక్రం నుంచి జారే చుక్క కూడా ట్రేలోనే పడాలి కనుక, ముందువైపు చక్రం అంచు దాటి కనీసం 2 అంగుళాలు ట్రే మిగిలి ఉండేటట్లు మీ మిషన్ దగ్గర టేపు పెట్టి ఒకసారి సరిచూసుకోండి. ఈ కొలతల ట్రేలో పట్టేది సరిగ్గా ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్లు. అంత నీరు ఎప్పుడూ నిలవ ఉంచరు గానీ, డ్రెయిన్ పూడుకున్న రోజున బకెట్టు కూలెంట్ (అదే, సాల్యుబుల్ ఆయిల్ నీళ్ళు) అంతా వచ్చి చేరినా పొంగదన్న ధైర్యం ఉంటుంది. అంచు పైభాగాన్ని మూడు సూతలు (సూత అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) బయటికి మడిపించండి. అలా మడిస్తే చేయి కోసుకోదు, అంచు వంకర పోదు. ఈ లెక్కన కావలసిన రేకు సుమారు 53 అంగుళాల పొడవు, 23 అంగుళాల వెడల్పు. 18 గేజి, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందం తీసుకుంటే బరువు ఏడున్నర కిలోలకు అటూ ఇటూగా వస్తుంది. 22 గేజి చాలునని పనివారు అనవచ్చు. మాట వినకండి, మిషన్ కాళ్ళ కింద అది నలిగిపోతుంది.

రేకు జి.ఐ.దా (జింకు పూత పూసిన ఇనుము), మామూలు ఇనుముదా అన్నది మీరు వాడే ద్రవాన్ని బట్టి తేల్చుకోవాలి. ఉత్త నూనె మాత్రమే కారే మిషన్‌కు జి.ఐ. రేకు చక్కగా సరిపోతుంది. మీరు వాడే సాల్యుబుల్ ఆయిల్ నీళ్ళకు క్షారగుణం ఉంటుంది కనుక అవి జింకు పూతకు అంతగా పడవు. అందుచేత సి.ఆర్. (కోల్డ్ రోల్డ్, జింకు పూత లేని) ఇనుప రేకు తీసుకుని, మడతలన్నీ అయిన తరువాత ఎపాక్సీ ప్రైమరు, ఆపైన ఎపాక్సీ రంగు వేయించండి. మామూలు ఎనామిల్ రంగు కూలెంట్‌లో నానితే కొన్నాళ్ళకు పొరలుగా లేస్తుంది. పనివారు జి.ఐ. రేకునే వాడతామని పట్టుబడితే మాత్రం దాని మీద వెల్డింగు చేయనివ్వకండి. జింకు పొగ పీల్చినవారికి ఆ రాత్రి చలిజ్వరం రావడం ఈ పనిలో ఎరిగిన విషయమే.

నిజానికి ఈ ట్రేకు వెల్డింగు అవసరమే లేదు. మూలలు కత్తిరించి అతికించడం కాకుండా, కత్తిరించకుండానే మడవడం ఉత్తమం. ముందు ఒక దళసరి కాగితం మీద చేసి చూడండి. నాలుగు వైపులా అంచు గీతలు గీస్తే ప్రతి మూలలో ఒక చదరం ఏర్పడుతుంది. ఆ చదరంలో లోపలి మూల నుంచి బయటి మూలకు ఐమూలగా ఒక గీత గీసి, రెండు అంచులనూ ఒకేసారి పైకి లేపితే, ఆ చదరం ఐమూల గీత మీద రెండుగా మడిచి చెవిలాగా బయటికి పొడుచుకు వస్తుంది. ఆ చెవిని పక్క అంచుకు ఆనించి వంచి, పై కొసలో ఒక రివెట్టు కొడితే చాలు. రేకు ఎక్కడా తెగలేదు కనుక కారడానికి సందు ఉండదు. పై అంచు మడత మాత్రం ఈ చెవి దగ్గరికి రాకముందే ఆగిపోవాలి, లేకపోతే అక్కడ నాలుగు పొరలు చేరి సుత్తికి లొంగవు.

ఇంతవరకు సులభమే. ట్రేలు చెడేది బోల్టు రంధ్రాల దగ్గర. నేను మొదటిసారి ట్రే చేయించుకున్నప్పుడు మిషన్‌ను నేరుగా రేకు మీద దించి, నాలుగు రంధ్రాలు కొట్టి, వాషర్లు వేసి బిగించి, పని అయిపోయిందనుకున్నాను. వారం తిరగకుండానే బల్ల కింద నాలుగు నూనె మరకలు పడ్డాయి, గీత గీసినట్టు సరిగ్గా బోల్టుల కిందనే. రంధ్రం ట్రేలో అన్నిటికన్నా పల్లపు చోట ఉంటే ఏ వాషరూ ఆపలేదు. కాబట్టి రంధ్రం నోరు నూనె మట్టం కన్నా పైన ఉండాలి.

దానికి మార్గం, మిషన్ ఒక్కో కాలి కింద ఒక్కో ఇనుప దిమ్మె. రెండంగుళాల ఇనుప కడ్డీ తెచ్చి, ఒక్కొక్కటి అంగుళంన్నర ఎత్తున, అన్నీ ఒకే ఎత్తుకు వచ్చేటట్లు ఫేసింగ్ చేసి (లేత్ మీద కొసలు చదును చేసి), నడుమ బోల్టు పట్టే రంధ్రం వేయండి. (తన కాళ్ళ కింది పీటలను లేత్ తానే చేసుకోగలగడం ఈ మిషన్‌కే చెల్లింది. కాకపోతే దానిని బల్ల మీది నుంచి దించక ముందే ఆ పని ముగించుకోవాలి.) ఇంజన్ గాస్కెట్లకు వాడే నూనె తట్టుకునే సిలికాన్ ఏ ఆటోమొబైల్ స్పేర్ పార్టుల దుకాణంలోనైనా ట్యూబులో దొరుకుతుంది. దానిని దిమ్మె అడుగున పల్చగా పూసి, ట్రే మీద పెట్టి, బోల్టును కాలు, దిమ్మె, రేకు, బల్ల అన్నిటిలోంచి దించి బిగించాలి. బాత్‌రూము టైల్సుకు పూసే సిలికాన్‌ను దీనికి వాడవద్దు. ఇలా అంగుళంన్నర ఎత్తు లేపినందువల్ల మిషన్ కిందికి చేయి దూరి, చిప్స్ (కోతలో రాలే లోహపు తునకలు) ఊడ్చుకోవడానికి కూడా వీలవుతుంది.

డ్రెయిన్ కోసం బల్లకు రంధ్రం చేయనక్కరలేదు. టెయిల్‌స్టాక్ (హెడ్‌స్టాక్‌కు ఎదురు కొసన ఉండే భాగం) వైపు ట్రే కొసను బల్ల అంచు దాటి మూడంగుళాలు బయటికి వచ్చేటట్లు పెట్టి, ఆ భాగంలోనే అరంగుళం ట్యాంక్ నిపుల్ బిగించండి. నీళ్ళ ట్యాంకులకు వాడే ఈ నిపుల్ ప్లంబింగు కొట్టులో దొరుకుతుంది. దానితో ఇచ్చే మామూలు రబ్బరు వాషర్లు నూనెలో ఉబ్బిపోతాయి కనుక వాటి బదులు నైట్రైల్ రబ్బరు వాషర్లు అడిగి తీసుకోండి. నిపుల్ తల మందం వల్ల దాని చుట్టూ నూనె నిలుస్తుంది. అందుకని రంధ్రం వేసేముందు, రేకును ఒక రెండంగుళాల పైపు ముక్క నోటి మీద పెట్టి, గుండు తల సుత్తితో చిన్నగా కొడుతూ గరిటె గుంటలాగా లోతు చేయండి. ఆ గుంటలో తల ఒదిగి కూర్చుంటుంది. పైన ఒక టీ వడపోత జాలీ బోర్లించి, కింద బకెట్టు పెడితే సరి.

నీరు అటు పారాలంటే వాలు కావాలి గదా, మిషన్ రసమట్టానికి ఉండాలి గదా అని మీకు సందేహం రావచ్చు. లేత్ మట్టసంగా ఉండి తీరాలన్నది చాలామంది అపోహ. దాని బెడ్ (క్యారేజీ జరిగే పొడవాటి ఇనుప పీఠం) మెలి తిరగకుండా ఉండడమే ముఖ్యం. ఓడలలోని లేత్‌లు అలల మీద ఊగుతూనే పని చేస్తాయి. కాబట్టి హెడ్‌స్టాక్ వైపు బల్ల కాళ్ళ కింద అరంగుళం చెక్క ముక్కలు పెట్టి, బల్లనంతటినీ ఒక వైపుకు వాల్చండి.

మెలి సంగతి మాత్రం తేలికగా తీసుకోవద్దు. కాళ్ళు లేపి మళ్ళీ బిగించారు కనుక తప్పక సరిచూడాలి. ఒక అంగుళం కడ్డీని చక్ (కడ్డీని బిగించి పట్టే భాగం) నుంచి ఆరంగుళాలు బయటికి వచ్చేటట్లు పట్టించి, టెయిల్‌స్టాక్ ఆనించకుండా, నడుమ భాగాన్ని కొంచెం సన్నం చేసి, రెండు కొసల్లో చెరొక కంకణం మిగల్చండి. ఆ రెండింటి మీద ఒకే సెట్టింగుతో సన్నటి కోత తీసి మైక్రోమీటరుతో కొలవండి. తేడా నూరో వంతు మిల్లీమీటరు లోపల ఉంటే ఇక ముట్టుకోకండి. చక్‌కు దూరంగా ఉన్న కొస లావుగా వస్తే, టెయిల్‌స్టాక్ వైపు, మీరు నిలబడే పక్కన ఉన్న కాలి కింద పల్చటి షిమ్ (ఎత్తు సరిచేసే రేకు ముక్క) పెట్టి మళ్ళీ కోసి చూడండి. సన్నగా వస్తే అదే కొసన వెనుక కాలి కింద పెట్టాలి.

ప్రశ్న: నా దగ్గర ఉన్నది బల్ల మీది చిన్న డ్రిల్లింగ్ మిషన్ మాత్రమే. దానికీ ఇంత పని అవసరమా? మొక్కల కుండీల కింద పెట్టే ప్లాస్టిక్ ట్రే చాలదా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఇంత పని అవసరం లేదు. అయితే ప్లాస్టిక్ వద్దు, డ్రిల్లు నుంచి వేడిగా రాలే ఇనుప చుట్టలు దానిలో గుంటలు చేస్తాయి. హోటళ్ళలో కూరలు పెట్టే పెద్ద స్టీలు ట్రేలు 530 మిల్లీమీటర్ల పొడవు, 325 వెడల్పుతో ఒకే ప్రమాణంలో దొరుకుతాయి. 40 మిల్లీమీటర్ల లోతుది తీసుకోండి. ఖర్చు వద్దనుకుంటే 15 కిలోల వంటనూనె డబ్బాను ఒక పక్క కోసి పడుకోబెట్టినా చిన్న మిషన్ ముందు పెట్టుకోవడానికి చాలుతుంది. కోసిన అంచును లోపలికి మడిచి సుత్తితో అణచడం మరవకండి. ఇదే పనికి పాత 200 లీటర్ల పీపాను కోయాలని కొందరు అనుకుంటారు. లోపల ఏముండేదో తెలియని పీపా మీద గ్యాసు కటింగుగానీ గ్రైండరుగానీ పెట్టకండి. ఖాళీగా కనిపించే పీపాలో మిగిలిన ఆవిరి అంటుకుని పేలుతుంది.

ప్రశ్న: ట్రేలో చేరిన కూలెంట్ నాలుగు రోజులకే కుళ్ళిన వాసన వస్తోంది. మళ్ళీ వాడవచ్చా?
— ఒక వర్క్‌షాపు యజమాని, గాజువాక

జవాబు: మిషన్ నుంచి కారిన నూనె పైన తెట్టు కట్టి గాలి తగలనీయకపోతే, కింద సూక్ష్మజీవులు పెరిగి ఆ వాసన వస్తుంది. ప్రతి సాయంత్రం ఆ తెట్టును పాత కాగితంతో తీసివేసి, ట్రేను పూర్తిగా బకెట్టులోకి ఒంపేస్తే చాలా రోజులు నిలుస్తుంది. ఇప్పటికే కుళ్ళిన దానిని మాత్రం వాడకండి. ట్రే, బకెట్టు, గొట్టం కడిగి కొత్తగా కలుపుకోండి. డబ్బా మీద వేరే కొలత లేకపోతే 20 పాళ్ళ నీటికి ఒక పాలు నూనె. నీటిలో నూనె పోయాలిగానీ నూనెలో నీరు పోయకూడదు, పోస్తే మజ్జిగలా కలవక గడ్డలు కడుతుంది. పాతదానిని మురుగు కాలువలో పోయవద్దు. మూత ఉన్న క్యానులో నిలవచేసి, వాడిన ఇంజన్ ఆయిల్‌తో కలపకుండా, అనుమతి ఉన్న సేకరణదారుకు విడిగా అప్పగించండి.